కంప్యూటర్ గేమ్‌ల అమ్మకాల పట్టికలో కొనుగోలుదారుల అభిరుచిని చదవడం ఎలా?

తెలుగు సినిమా వసూళ్ల లెక్కలు చదివే అలవాటున్న పాఠకులకు ఒక సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మొదటి మూడు రోజుల వసూళ్లు కథానాయకుడి పేరును బట్టి, థియేటర్ల సంఖ్యను బట్టి, పెంచిన టికెట్ ధరను బట్టి వస్తాయి. సినిమా జనానికి నచ్చిందో లేదో తొలి సోమవారం ఆటలకు తేలుతుంది. సినిమా విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనమే కంప్యూటర్ గేమ్‌ల అమ్మకాల పట్టిక కనిపించగానే మొదటి వరుసలోని పేరు చూసి, ఇప్పుడు అందరికీ ఇలాంటి గేమ్‌లే ఇష్టమని తీర్మానించేస్తాం. గేమ్‌ల గురించి రాయదలచినవారికి, ఇద్దరు ముగ్గురు కలిసి సొంతంగా గేమ్ తయారు చేయాలనుకునే విద్యార్థులకు, ఆ పట్టికను ఓపికగా చదివే ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి కావలసినవి ఒక ఎక్సెల్ షీటు, పన్నెండు వారాల ఓపిక.

ముందుగా, ఆ పట్టిక దేనిని లెక్కిస్తుందో తెలుసుకోండి

ఏ పట్టికను చేతిలోకి తీసుకున్నా మొదట వేయవలసిన ప్రశ్న ఒకటే: ఇది ప్రతులను లెక్కిస్తోందా, డబ్బును లెక్కిస్తోందా? కంప్యూటర్ గేమ్‌లకు ప్రపంచంలోనే అతి పెద్ద ఆన్‌లైన్ అంగడి అయిన స్టీమ్ తన ‘టాప్ సెల్లర్స్’ పట్టికను రాబడిని బట్టి కూరుస్తుంది. ఆ రాబడిలో గేమ్ ధరతో పాటు, దానికి విడిగా అమ్మే అదనపు భాగాలూ, గేమ్ లోపల కొనే వస్తువులూ కూడా కలుస్తాయి. అందుకే ఉచితంగా ఆడుకోగలిగిన ‘కౌంటర్ స్ట్రైక్ 2’ ప్రతి వారమూ పై వరుసల్లో కనిపిస్తుంది. దాన్ని ఎవరూ కొనడం లేదు; దాని లోపలి పెట్టెలను తెరిచే తాళంచెవులను, తుపాకులకు వేసే రంగురంగుల తొడుగులను కొంటున్నారు. కాబట్టి ఆ వరుస తుపాకీ కాల్పుల మీద ఇష్టం గురించి చెప్పేదానికన్నా, అరుదైన వస్తువులను సేకరించడం, మారకం వేసుకోవడం అనే సరదా గురించి ఎక్కువ చెబుతుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం కూడా ఇదే పట్టికలో వారాల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. అది గేమే కాదు. అప్పట్లో 399 డాలర్లకు మొదలైన యంత్రం.

అమెరికాలో సర్కానా సంస్థ ప్రకటించే నెలవారీ పట్టిక కూడా డాలర్ల లెక్కే. ఈ సంస్థ పాత పేరు ఎన్‌పీడీ. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా నింటెండో, తమ డౌన్‌లోడ్ అమ్మకాల వివరాలను దానికి ఇవ్వవు. జపాన్‌లోని ఫామిత్సు పత్రిక వారపు పట్టిక దుకాణాల్లో అమ్ముడైన పెట్టె ప్రతులను లెక్కిస్తుంది. ఈ మూడింటిలోనూ ‘మొదటి స్థానం’ అనే మాట ఒకటే అయినా, మూడు చోట్లా దాని అర్థం వేరు.

డబ్బు లెక్కకూ ప్రతుల లెక్కకూ ఉన్న తేడాను ఒకసారి కాగితం మీద వేసి చూడండి. నాలుగు వేల రూపాయల గేమ్ వెయ్యి ప్రతులు అమ్ముడైతే 40 లక్షల రూపాయలు వస్తాయి. నాలుగు వందల రూపాయల గేమ్ అదే స్థానానికి చేరాలంటే పది వేల మంది కొనాలి. రాబడి పట్టికలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. కానీ రెండో దాని వెనుక పది రెట్ల మంది ఉన్నారు. అందువల్ల డబ్బును లెక్కించే పట్టికలో తక్కువ ధర గల గేమ్ ఇరవయ్యో స్థానంలో కనిపించినా, అయిదో స్థానంలో ఉన్న ఖరీదైన గేమ్ కన్నా ఎక్కువ ఆసక్తితో దానిని పరిశీలించాలని నా అభిప్రాయం.

స్టీమ్ ఏడాది చివర విడుదల చేసే జాబితాల్లో మరో చిక్కు ఉంది. అక్కడ గేమ్‌లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అనే అంచెలుగా విడదీస్తారు గాని, ఒక అంచెలోని గేమ్‌లకు వరుసక్రమం ఇవ్వరు. ప్లాటినం అంచెలో మొదట కనిపించిన గేమ్‌ను ‘ఏడాదిలో అత్యధికంగా అమ్ముడైనది’ అని రాసిన వార్తలు తరచుగా కనిపిస్తాయి. ఆ పొరపాటు మీరు చేయకండి.

పట్టికలో లేనివాటిని గుర్తుపెట్టుకోండి

‘మైన్‌క్రాఫ్ట్’ 30 కోట్ల ప్రతులు దాటిందని 2023 అక్టోబరులో ప్రకటించారు. స్టీమ్ పట్టికలో మాత్రం ఎంత వెతికినా దాని కంప్యూటర్ ప్రతి దొరకదు, ఎందుకంటే అది అక్కడ అమ్మకానికే లేదు. ‘వాలరెంట్’, ‘ఫోర్ట్‌నైట్’ కూడా తమ సొంత గుమ్మాల నుంచే ఆటగాళ్లను లోపలికి రానిస్తాయి. ఒక అంగడి పట్టిక ఆ అంగడికి వచ్చినవారి సంగతే చెబుతుంది.

ఈ చిన్న విషయాన్ని మరచిపోవడం వల్ల ఒక తరం విశ్లేషకులు పెద్ద తప్పులో కాలేశారు. 2000ల రెండో సగంలో అమెరికా దుకాణాల పట్టికల్లో కంప్యూటర్ గేమ్‌ల అమ్మకాలు ఏడాదికేడాది పడిపోతూ వచ్చాయి. దానిని చూసి, కంప్యూటర్ గేమింగ్ చచ్చిపోతోందని పత్రికలు రాశాయి. అసలు జరిగింది వేరు. 2004 నవంబరులో వచ్చిన ‘హాఫ్ లైఫ్ 2’ ఆడాలంటే స్టీమ్ తప్పనిసరి అయింది. 2005 నుంచి ఇతర కంపెనీల గేమ్‌లు కూడా స్టీమ్‌లో డౌన్‌లోడ్‌గా అమ్మడం మొదలైంది. ఆ లెక్కలేవీ దుకాణాల పట్టికకు చేరలేదు. అదే 2004 నవంబరులో విడుదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ పెట్టెను పట్టిక ఒక్కసారే లెక్కించింది. ఆటగాళ్లు నెలనెలా చెల్లించిన చందాను లెక్కించలేదు. జనం వేరే ద్వారం గుండా నడిచి వెళ్తుంటే, పాత ద్వారం దగ్గర కూర్చున్న లెక్కరాయుడు ఊరు ఖాళీ అవుతోందని రాసుకున్నాడు.

మన ప్రాంతానికి వచ్చినా ఇదే కథ. 2000లలో హైదరాబాదు, విజయవాడ, వరంగల్ ఇంటర్నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి ‘కౌంటర్ స్ట్రైక్ 1.6’, ‘వైస్ సిటీ’ ఆడిన కుర్రవాళ్లు ఏ అమ్మకాల పట్టికలోనూ లేరు. వాళ్లు ఆడిన ప్రతుల్లో చాలా భాగం కాపీ చేసిన సీడీలే. వాళ్ల అభిరుచి నిజమైనదే, బలమైనదే. కాని అది కొనుగోలుగా ఎక్కడా నమోదు కాలేదు. ఈనాటికీ మన దేశంలో గేమ్‌లు ఆడేవారిలో అత్యధికులు ఫోన్ల మీదే, అదీ ఉచితంగానే ఆడుతున్నారు కాబట్టి, కంప్యూటర్ గేమ్‌ల పట్టికను ‘భారతీయుల అభిరుచి’ అని పిలవడం సరికాదు. అది గేమ్ కోసం డబ్బు ఖర్చు చేయగల, మంచి కంప్యూటరు ఉన్న కొద్దిమంది అభిరుచి మాత్రమే.

మీ సొంత పట్టిక తయారు చేసుకోండి

స్టీమ్ వారపు పట్టికలో వంద వరుసలుంటాయి. ప్రపంచమంతటికీ కలిపి ఒకటి, దేశాలవారీగా విడివిడిగా మరికొన్ని ఉంటాయి. వారంలో ఒక రోజును నిర్ణయించుకుని, ఆ రోజున తప్పకుండా మొదటి యాభై వరుసలను మీ షీటులోకి ఎక్కించుకోండి. స్థానం, పేరు, ఆ వారపు ధర, తగ్గింపు ఉంటే ఎంత శాతం, ఉచిత గేమా కాదా, విడుదలైన నెల, అది పాత వరుసలో తర్వాతి భాగమా లేక కొత్త పేరా, పట్టికలో ఉన్న వారాల సంఖ్య, ఇవి రాసుకుంటే చాలు. వారాల సంఖ్యను స్టీమే చూపిస్తుంది కాబట్టి అందుకు వేరే శ్రమ లేదు. ‘గేమ్ రకం’ అనే గడిని మాత్రం మొదట ఖాళీగా వదిలేయమని సలహా ఇస్తాను. ‘యాక్షన్’, ‘అడ్వెంచర్’ అని అంగడివాళ్లు అతికించే చీటీలు అభిరుచిని ఏమాత్రం వివరించవు. దానికి బదులుగా, ఆటగాడు ఆ గేమ్‌లో ఎక్కువ సమయం ఏం చేస్తూ గడుపుతాడో ఒక క్రియాపదంలో రాయండి: కడతాడు, సేకరిస్తాడు, దాక్కుంటాడు, నడుపుతాడు, పంట వేస్తాడు, మిత్రులతో పోట్లాడతాడు. పన్నెండు వారాలయ్యాక ఆ క్రియాపదాలను కూడితే, రకాల పేర్లు చెప్పలేనిది బయటపడుతుంది.

తర్వాత షీటులోని వరుసలను మూడు కుప్పలుగా విడదీయండి. ఉచిత గేమ్‌లూ యంత్రాలూ ఒక కుప్ప. ఆ వారం తగ్గింపు ధరలో ఉన్నవి ఒక కుప్ప. పూర్తి ధరకు అమ్ముడవుతున్నవి ఒక కుప్ప. వేసవి, శీతకాలపు సేల్ వారాలను ఏకంగా పక్కన పెట్టండి. డెబ్బై అయిదు శాతం తగ్గించిన పాత గేమ్ పట్టికలోకి దూసుకురావడం ధర గురించి చెబుతుంది: జనానికి దాని మీద ఆసక్తి ముందునుంచీ ఉంది, ఆ ధర దగ్గర అది కొనుగోలుగా మారింది. తగ్గింపు ముగిసిన తర్వాతి వారం కూడా అది పట్టికలో మిగిలితే, అప్పుడు దానిని మూడో కుప్పలోకి మార్చండి. అభిరుచి కోసం వెతకవలసినది ప్రధానంగా ఆ మూడో కుప్పలోనే.

ఓపెనింగ్స్ వేరు, రన్ వేరు

విడుదల వారపు స్థానం కొనుగోలుదారుల అభిరుచిని చూపదు. వారి నమ్మకాన్ని చూపుతుంది. 2020 డిసెంబరు 10న వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’కు ముందస్తు కొనుగోళ్లే 80 లక్షలు. పది రోజుల్లో ఆ సంఖ్య 1 కోటి 30 లక్షలు దాటింది. అదే సమయంలో, పాత కన్సోళ్లలో (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల్లో) ఆ గేమ్ నడవలేని స్థితిలో ఉన్నందువల్ల, సోనీ దానిని తన డిజిటల్ అంగడి నుంచి తొలగించింది. కొన్నవారిలో ఎవరూ అప్పటికి ఆ గేమ్‌ను రుచి చూసి కొనలేదు. అదే సంస్థ చేసిన ‘విచర్ 3’ మీది అభిమానంతో కొన్నారు. ‘సైబర్‌పంక్’ నిజంగా నచ్చిందని పట్టిక చెప్పింది చాలా తర్వాత: 2023 సెప్టెంబరులో పెద్ద సవరణతో పాటు ‘ఫాంటమ్ లిబర్టీ’ అనే అదనపు భాగం వచ్చినప్పుడు, మూడేళ్ల నాటి గేమ్ మళ్లీ పై వరుసలకు ఎక్కింది.

కొనకముందే కోరికను లెక్కించే విష్‌లిస్ట్ పట్టికను ఇంకా అనుమానంతో చూడాలి. ‘ది డే బిఫోర్’ అనే గేమ్ స్టీమ్ విష్‌లిస్టుల్లో చాలా కాలం అగ్రభాగాన ఉంది. 2023 డిసెంబరు 7న విడుదలైంది. నాలుగు రోజులకే దాని తయారీ సంస్థ మూతపడుతున్నట్లు ప్రకటించింది. కొన్నవారికి డబ్బు వెనక్కి ఇచ్చారు. అలాగని విష్‌లిస్ట్ పూర్తిగా అబద్ధమాడిందని అనలేము. జాంబీలు నిండిన నగరంలో, అపరిచితుల మధ్య బతికి బయటపడే విశాలమైన గేమ్ కావాలన్న కోరిక నిజమే. ఆ కోరికను ఆ గేమ్ తీర్చలేకపోయింది, అంతే. తయారు చేసేవారికి ఈ తేడా ఎంతో విలువైనది: అక్కడ తీరని ఆకలి ఒకటి మిగిలిపోయి ఉంది.

దీనికి ఎదురుగా నిదానంగా పోగుపడే అమ్మకాలను పెట్టి చూడండి. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని తయారు చేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ 2016 ఫిబ్రవరిలో దాదాపు 15 డాలర్ల ధరకు వచ్చింది. తాత వదిలి వెళ్లిన పొలానికి చేరుకుని పంటలు వేయడం, చేపలు పట్టడం, ఊరివాళ్లతో స్నేహం చేయడం దానిలోని పని. ఇప్పటికి అన్ని యంత్రాల మీదా కలిపి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. విడుదలైన ఎనిమిదేళ్లకు, 2024 మార్చిలో ఉచిత సవరణ వచ్చినప్పుడు, స్టీమ్‌లో ఒకే సమయంలో దానిని ఆడినవారి సంఖ్య మునుపెన్నడూ లేనంతగా పెరిగింది. 2012లో ప్రాగ్ నగరపు ఎస్‌సీఎస్ సంస్థ విడుదల చేసిన ‘యూరో ట్రక్ సిమ్యులేటర్ 2’ కూడా ఇదే కోవకు చెందినది. స్కాండినేవియా, ఇటలీ, ఐబీరియా రోడ్లను ఒక్కొక్కటిగా విడిగా అమ్ముతూ వచ్చారు; ఆటగాళ్లు ఒక్కొక్కటిగా కొంటూనే ఉన్నారు. పగలంతా ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి రాత్రి కూర్చుని ఊహాలోకంలో లారీ తోలడానికి డబ్బు చెల్లిస్తాడని ఏ మార్కెట్ సర్వేలోనైనా అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? ‘మీకు ఏ గేమ్‌లు ఇష్టం’ అని అడిగితే జనం చెప్పే జవాబుకన్నా, పట్టికలో నూరు వారాలు కదలకుండా ఉన్న వరుస నిజాయితీగా మాట్లాడుతుంది.

కాబట్టి మీ షీటును స్థానం ప్రకారం కాక, పూర్తి ధరకు పట్టికలో ఉన్న వారాల సంఖ్య ప్రకారం మళ్లీ వరుసపెట్టండి. ఈ గైడులో ఒక్క మెట్టు మాత్రమే చేయగల తీరిక ఉంటే, ఇదే చేయండి.

విమర్శకులను ఆశ్చర్యపరిచిన వరుసల దగ్గర ఆగండి

పట్టిక చదివేవారికి అత్యంత విలువైనవి ‘ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?’ అనిపించే పేర్లు. 1997 చివర విజార్డ్‌వర్క్స్ సంస్థ ‘డీర్ హంటర్’ అనే జింకల వేట గేమ్‌ను 20 డాలర్లకు విడుదల చేసింది. అమెరికా వాల్‌మార్ట్ దుకాణాలకు సరుకు ఎంపిక చేసేవారి సూచన నుంచి పుట్టిన ఆలోచన అది. కొన్ని నెలల్లోనే తయారైంది. పొద చాటున నిశ్శబ్దంగా కాచుకుని ఉండటమే అందులో ఎక్కువ భాగం. గేమ్ పత్రికలు ఎగతాళి చేశాయి; 1998లో అది అమ్మకాల పట్టికలో అగ్రస్థానానికి చేరింది. కంప్యూటర్ గేమ్‌ల దుకాణం మెట్లెక్కని మనుషులు, ఇంటి సరుకులు కొనడానికి వాల్‌మార్ట్‌కు వెళ్లి, తమకు అప్పటికే తెలిసిన వ్యాపకం పెట్టె మీద కనిపించగానే, తక్కువ ధర చూసి కొన్నారు. ఆ వరుస ‘జనానికి వేట ఇష్టం’ అని చెప్పడం కంటే ముఖ్యంగా, అప్పటివరకు ఎవరూ పట్టించుకోని కొనుగోలుదారులు ఉన్నారని చెప్పింది.

అంతకు ముందు 1993లో మిల్లర్ సోదరులు చేసిన ‘మిస్ట్’ కూడా ఇటువంటిదే. శత్రువులు లేరు, తొందర లేదు, చావు బెదిరింపు లేదు. నిర్మానుష్యమైన దీవిలో చిక్కుముడులు విప్పుకుంటూ తిరగడమే. యుద్ధ గేమ్‌లకు అలవాటుపడినవారికి విసుగు పుట్టించిన ఆ గేమ్ 60 లక్షలకు పైగా అమ్ముడైంది. దీనిని పూర్తిగా అభిరుచి ఖాతాలో వేయకూడదు. అప్పుడే ఇళ్లలోకి సీడీ డ్రైవులు వస్తున్నాయి. కొత్త యంత్రం కొన్నవాడికి దాని సత్తా ఏమిటో చుట్టాలకు చూపించడానికి ఒక అందమైన డిస్కు కావాలి. కొత్త టీవీ కొన్నప్పుడు మొదట ఏ పాట పెట్టి చూపిస్తామో అలాంటి అవసరం అది. కాబట్టి, ఏదైనా గేమ్ అనుకోకుండా పైకి వచ్చినప్పుడు, ఆ ఏడాది జనం చేతికి కొత్తగా ఏ యంత్రం వచ్చిందో విచారించండి.

అత్యధికంగా అమ్ముడైన కంప్యూటర్ గేమ్‌గా ‘మిస్ట్’కు ఉన్న రికార్డును 2002లో దాటినది ‘ది సిమ్స్’. 2000 ఫిబ్రవరిలో వచ్చిన ఈ గేమ్‌ను విల్ రైట్ ప్రతిపాదించినప్పుడు, బొమ్మరిల్లు ఆటను ఎవరు కొంటారని పైవాళ్లు సందేహించారు. ఇల్లు కట్టడం, సామాను సర్దడం, మనుషులకు వంట, నిద్ర, ఉద్యోగం, తగవులు ఏర్పాటు చేయడం తప్ప అందులో గెలుపు ఓటములు లేవు. దానిని ఆడినవారిలో స్త్రీలు ఎంతో పెద్ద సంఖ్యలో ఉన్నారు. తర్వాతి రెండు మూడేళ్ల అమెరికా పట్టికలు తెరిచి చూస్తే, మొదటి పది వరుసల్లో అసలు గేమ్‌తో పాటు దాని అదనపు భాగాలు కూడా వరుసగా కనిపిస్తాయి. ఒకే గేమ్‌కు సంబంధించిన అదనపు భాగాలను మళ్లీ మళ్లీ కొనడం, నా లెక్కలో, అభిరుచికి అన్నింటికన్నా గట్టి రుజువు. మొదటి కొనుగోలు ప్రకటన చూసి జరగవచ్చు. మూడో భాగం కొనేవారికి తాము ఏం కొంటున్నారో బాగా తెలుసు.

దేశాలవారీగా విడదీయండి

నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని వసూళ్లను విడదీసి చూసినట్లే, ప్రపంచ పట్టికను దేశాలుగా విడదీయండి. 2024 ఆగస్టు 20న వచ్చిన ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడైంది. ప్రపంచమంతా ఒక్కసారిగా వానర వీరుడి కథ మీద మనసు పడిందని దీని అర్థం కాదు. కొన్నవారిలో అధిక భాగం చైనావారు, తమ పురాతన కథ మీద తమ దేశపు సంస్థ తీసిన తొలి భారీ గేమ్‌ను కొన్నారు. పంటల సాగును అనుకరించే ‘ఫార్మింగ్ సిమ్యులేటర్’కు జర్మనీలోను, జట్టు యాజమాన్యాన్ని చేతికిచ్చే ‘ఫుట్‌బాల్ మేనేజర్’కు బ్రిటన్‌లోను, అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ ‘మ్యాడెన్’కు అమెరికాలోను ఉన్న ఆదరణ సరిహద్దు దాటగానే పలచబడుతుంది. రెండు దేశాల పట్టికలను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్నవాటిని కొట్టేయండి. మిగిలినవే ఆయా దేశాల సొంత రుచులు. భారతదేశపు పట్టికను చూసేటప్పుడు ధర గడిని మరింత జాగ్రత్తగా గమనించాలి. స్టీమ్ 2015 నుంచి రూపాయల్లో ధరలు చూపుతున్నా, ఒక్కో కంపెనీ ఒక్కోలా ధర పెడుతుంది. ఒక గేమ్ ఇక్కడ లేకపోవడానికి ఇష్టం లేకపోవడం కన్నా ధర అందకపోవడమే కారణం కావచ్చు.

అనుమానం తీరడానికి

పట్టిక చెప్పినదానిని సరిచూసుకోవడానికి మరి రెండు కొలతలు అందుబాటులో ఉన్నాయి. ఒకే సమయంలో ఎందరు ఆడుతున్నారన్న సంఖ్యను స్టీమ్ బహిరంగంగా చూపిస్తుంది. విడుదలైన నెల తర్వాత ఆ సంఖ్య ఎంత మిగిలిందో చూడండి. రివ్యూల సంఖ్యను బట్టి అమ్మకాలను ఊహించే పద్ధతి కూడా వాడుకలో ఉంది గాని, దానిని స్థూలమైన అంచనాగానే తీసుకోవాలి. స్టీమ్‌స్పై వంటి అంచనాల సైట్లు కూడా 2018 ఏప్రిల్‌లో స్టీమ్ తన ప్రొఫైళ్ల గోప్యతా నియమాలను మార్చిన తర్వాత మునుపటి కచ్చితత్వాన్ని కోల్పోయాయి. కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి తీసుకునే వీలు 2015 నుంచి ఉంది కాబట్టి, మొదటి వారపు స్థానాన్ని రెండో వారం చూశాకే నమ్మండి.

పరిస్థితుల ప్రభావాన్ని కూడా ఒక గడిలో రాసుకోండి. 2018లో వచ్చిన ‘అమాంగ్ అస్’ రెండేళ్ల పాటు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2020లో అందరూ ఇళ్లకు పరిమితమైనప్పుడు, ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తూ ఆడే స్ట్రీమర్లు ఆడి చూపించిన తర్వాత, ప్రపంచమంతా మిత్రులతో కలిసి దొంగను పట్టుకునే ఆటలో మునిగిపోయింది. గేమ్ మారలేదు, మనుషులూ మారలేదు. మనుషుల సాయంత్రాలు మారాయి.

పన్నెండు వారాలు గడిచాక మీకు తోచినది రాసేటప్పుడు ప్రతి వాక్యంలోనూ అంగడి పేరు, కాలం, కొలత, దేశం ఉండేలా చూసుకోండి. ‘జనం వ్యవసాయ గేమ్‌లను ఇష్టపడుతున్నారు’ అని కాకుండా, ‘స్టీమ్ ప్రపంచ పట్టికలో ఈ పన్నెండు వారాల్లో, సేల్ వారాలు మినహాయిస్తే, పూర్తి ధరకు ఎనిమిది వారాలకు పైగా నిలిచిన గేమ్‌లలో ఇన్నింటిలో ప్రధానమైన పని పంటలు వేయడం’ అని ఆ సంఖ్యతో సహా రాయండి. వాక్యం పొడవవుతుంది, శీర్షికగా పెట్టడానికి పనికిరాదు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం మీ షీటు తెరిచి, అది ఏ వరుసల నుంచి వచ్చిందో చూపించగలుగుతారు.